రీలు విప్పితే కొంపలేమీ మునగవు

"రీలు మాత్రం విప్పకండి మాస్టారూ! అది మనబోటివాళ్లు ఇంట్లో ముట్టుకునే వస్తువు కాదు" అని మొన్న భీమిలి ఒడ్డున ఒక మిత్రుడు నాకు హితబోధ చేశారు. ఆయన ముప్ఫయ్యేళ్లు ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. నేను పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. యంత్రాన్ని తాకవద్దని ఇంజనీరూ, విప్పి తీరాలని తెలుగు మాస్టారూ గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట నిలబడి వాదులాడుకుంటుంటే, పక్కన గాలాలు వేసుకుంటున్న కుర్రాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు గాని, ఆ మాట నన్ను వదలలేదు. ఇంటికి వచ్చాక కూడా ములుకులా గుచ్చుతూనే ఉంది. అందుకే ఈ టపా.

గాలం అలవాటు లేని బ్లాగ్మిత్రుల కోసం ముందుగా రెండు మాటలు. చిన్నప్పుడు చెరువుగట్టున మనం పట్టుకున్న వెదురుగాలానికి దారం కొసకే కట్టి ఉండేది. కర్ర ఎంత పొడుగో దారమూ ఇంచుమించు అంతే. రీలు అంటే ఆ కర్ర మొదట్లో బిగించే చిన్న చుట్టుడు యంత్రం. అందులోని కండెకు నూటయాభై, రెండువందల మీటర్ల దారం చుట్టి ఉంటుంది. పిడి తిప్పితే లోపల ఒక పళ్లచక్రం తిరుగుతుంది. అది దారాన్ని పట్టే తీగ ఉన్న చట్రాన్ని కండె చుట్టూ తిప్పుతుంది. కండె తాను తిరగదు, ముందుకూ వెనక్కూ ఊగుతుంది, దారం వరుసలుగా పరుచుకుంటుంది. పెద్ద చేప ఒక్క ఊపున లాగినప్పుడు దారం పుటుక్కుమనకుండా కొంచెం కొంచెంగా వదిలే బిళ్లల దొంతర ఒకటి కండె లోపల ఉంటుంది. దానిని డ్రాగ్ అంటారు. పిడి వెనక్కు తిరగకుండా పట్టి ఉంచే ఏకదిశ బేరింగు మరొకటి. దేవరహస్యమంతా ఇంతే.

(రీలుకు తెలుగు మాట ఏదండీ అని అడుగుతారని తెలుసు. పండితుడు కదా, ఏదో ఒకటి కల్పించి మీ మీదికి వదులుతాడని కొందరి ఆశ. వదలను. రీలు తెలుగు మాటే. రైలు తెలుగు మాట అయినప్పుడు రీలు ఎందుకు కాదు? కండె మాత్రం నా కల్పన కాదు, నేతగాళ్లది. నాడెలో పెట్టే నూలుకండె ఎరిగినవారికి ఈ యంత్రంలో సగం తెలిసినట్టే.)

అసలు ఈ రకం రీలు కండె కడుపునే పుట్టింది. 1905లో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ అనే బట్టల మిల్లుల ఆసామి దీనికి పేటెంటు తీసుకున్నాడు. కండె కదలకుండా ఉండగా దారం దాని కొస మీదుగా జారిపోవడమే అందులోని కిటుకు. అది మిల్లులో పనిచేసే ప్రతివాడి కళ్లముందూ రోజూ జరిగేదే. అంతకు చాలా ముందు, పందొమ్మిదో శతాబ్ది ఆరంభంలో, పిడి ఒక చుట్టు తిప్పితే కండె పలుచుట్లు తిరిగే రీళ్లను అమెరికాలోని కెంటకీలో చేసిన జార్జ్ స్నైడర్ గడియారాలవాడు. స్వీడనులో 1921లో మొదలై తరవాత రీళ్లకు జగత్ప్రసిద్ధమైన 'అబూ' సంస్థ పేరును విప్పి చూడండి. అందులోని 'ఊర్‌ఫాబ్రికెన్' అన్న మాటకు ఆ భాషలో గడియారాల కర్మాగారం అని అర్థం! 1949లో టల్సా నగరంలో, చమురుబావుల్లో పేల్చే బాంబులు చేసుకునే ఒక కంపెనీ ఉన్నట్టుండి రీళ్లు చేయడం మొదలుపెట్టింది. ఆ ఆలోచన చెప్పిన ఆర్. డి. హల్ కూడా గడియారాలు బాగుచేసేవాడే. కిరాణాకొట్టులో పొట్లం కట్టేవాడు దారపుకండె నుంచి దారం లాగుతుంటే చూసి ఆయనకు అది తట్టిందట. మన ఊళ్లలో కొట్టు ముందు నిలబడి ఆ దృశ్యాన్ని లక్షసార్లు చూశాం. చూసి, బెల్లం పొట్లం పట్టుకుని ఇంటికి వచ్చాం.

ఈ పురాణమంతా ఎందుకంటే, రీలు ఆకాశం నుంచి ఊడిపడిన వస్తువు కాదని చెప్పడానికి. అది గడియారాలవాళ్లూ మిల్లువాళ్లూ చేసిన వస్తువు. విప్పి, తుడిచి, నూనె వేసి, మళ్లీ బిగించడం తెలిసిన చేతులు అవి. తాము చేసినదాన్ని విప్పరాదని వాళ్లు ఎన్నడూ అనలేదు. అబూవారి పాత అంబాసడర్ రీళ్లు తోలుసంచిలో వచ్చేవి. ఆ సంచిలో రీలుతోపాటు చిన్న నూనెగొట్టం, ఒక పానా, కొన్ని విడిభాగాలు కూడా పెట్టి ఇచ్చేవారు. దాని అర్థం ఏమిటి? "అయ్యా, ఇది మీది. అరిగితే మీరే మార్చుకోండి" అని కదా! ఈనాటికీ పెద్ద కంపెనీల రీలు కొంటే పెట్టె అడుగున ఒక కాగితం మడిచి ఉంటుంది. లోపలి భాగాలన్నీ విడదీసి, వరుసగా పరిచి, ఒక్కొక్కదానికి అంకె వేసిన పటం. దానిని మనం ఏం చేస్తున్నాం? పెట్టెతోపాటు చెత్తబుట్టలో వేస్తున్నాం. చేసినవాడు దారి గీసి చేతికి ఇస్తే, అమ్మేవాడు ఆ దారిన పోవద్దంటున్నాడు, మనం అమ్మేవాడి మాట వింటున్నాం.

ఇప్పుడు నా కోపానికి అసలు కారణం చెబుతాను.

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఆటో నడుపుతాడు. కుర్రవాడు అంటున్నాను గాని నలభై దాటాయి. తెల్లవారుజామున ఒక గంట, సాయంత్రం ఒక గంట మొగ దగ్గర గాలం వేస్తాడు. పండుగప్ప పడితే అమ్ముతాడు, చిన్నవి పడితే ఇంటికి. ఇది అతనికి సరదా కాదు, ఇంటిఖర్చుకు ఒక ఆసరా. రెండువేల పైచిలుకు పోసి కొన్న రీలు ఎనిమిది నెలలకే బిగుసుకుపోయింది. కొన్న దుకాణానికే పట్టుకుపోయాడు. కౌంటరు మీది మనిషి పిడి ఒకసారి తిప్పి చూసి, "ఇది రిపేరుకు వచ్చేది కాదు, కొత్తది తీసుకో" అన్నాడట. విప్పలేదు, మూత కూడా తీయలేదు. మావాడు అప్పు చేసి కొత్తది కొన్నాడు. పాతది పాత ఇనుము కొనేవాడికి వేశాడు. "మొత్తం సామానుకు కలిపి ఇరవై రూపాయలిచ్చాడు మాస్టారూ" అని నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

కొత్తది కూడా ఆరో నెలలోనే గరగరమనడం మొదలుపెట్టింది. ఈసారి నా చెవిన పడింది. ఆదివారం పొద్దున రమ్మన్నాను. వరండాలో తెల్లదుప్పటి పరిచి ఇద్దరం కూర్చున్నాం.

తెల్లదుప్పటి అన్నది అలంకారానికి కాదు. అది లేకే పదేళ్ల కిందట నేను ఒక రీలును చంపుకున్నాను. తీగను వెనక్కు కొట్టే స్ప్రింగు ఒకటి టక్కున ఎగిరి ఎక్కడికో పోయింది. మా ఇంటావిడా నేనూ చీపురు పట్టుకుని సాయంత్రం దాకా వెదికాం. ఈనాటికీ దొరకలేదు. కనుక ఇంట్లో విప్పితే వస్తువులు పోతాయన్న మా ఇంజనీరుగారి మాటలో అసత్యం లేదు. పోతాయి. నావే పోయాయి. అయితే నాకు దానివల్ల తెలిసినది విప్పరాదని కాదు, దుప్పటి పరచుకోవాలని. ఇప్పుడు ప్రతివాడి జేబులో కెమెరా ఉన్న ఫోను ఉంది. ఒక్కొక్క భాగం తీసేముందు ఒక ఫొటో తీసుకుంటే, బిగించేటప్పుడు ఏది ఎటు తిరిగి ఉన్నదో అదే చెబుతుంది.

ముందు డ్రాగ్ మీట విప్పి కండె తీశాం. తరవాత పిడి. ఆపైన చట్రాన్ని పట్టి ఉంచే నట్టు. ఇక్కడ తొందరపడరాదు. కొన్ని రీళ్లలో ఈ నట్టు మర ఎదురుదిక్కు. విప్పుతున్నామనుకుని బిగించి, బిగించి, చివరికి విరగ్గొడతారు. ఎంతకూ రాకపోతే ఆగి పటం చూసుకోవాలి. ఇంకొక మాట: జపాను రీళ్ల మరల తలలు చూడడానికి మన ఫిలిప్స్ మరల్లాగే ఉంటాయి గాని, వాటి కొలత వేరు. దానిని జె.ఐ.ఎస్. అంటారు. బజారులో దొరికే మామూలు స్క్రూడ్రైవరు వాటిలో సరిగ్గా కూర్చోదు, జారి తల అరగదీస్తుంది. ఇంట్లో రీళ్లు పాడుచేసుకున్నవారిలో సగంమంది కథ ఇక్కడే ముగుస్తుంది. తప్పు చేతిది కాదు, చేతిలోని పనిముట్టుది.

పక్కమూత తీయగానే మావాడు "అయ్యో" అన్నాడు. లోపల గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంది. అంచుల వెంట ఉప్పు తెల్లగా పొరకట్టి ఉంది. పళ్లచక్రం మాత్రం కొత్తదానిలాగే ఉంది, ఒక్క పన్ను కూడా అరగలేదు! అంటే వస్తువు చావలేదు, దానికి ఊపిరి ఆడడం లేదు, అంతే. లోహపు భాగాలను కొంచెం కిరసనాయిలులో వేసి పాత పళ్లకుంచెతో తోమాం. (ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు పెట్రోలు తగలనివ్వకండి, ఉబ్బుతాయి, పెళుసెక్కుతాయి.) గుడ్డతో తుడిచి, ఎండ తగలని గాలిలో ఆరనిచ్చి, పళ్లకు పలచగా కొత్త గ్రీజు రాశాం. బేరింగులకు చుక్క చొప్పున కుట్టుమిషను నూనె. ఏకదిశ బేరింగును మాత్రం ముట్టుకోలేదు. దానికి గ్రీజు తగిలితే లోపలి రోలర్లు పట్టు తప్పి జారుతాయి, పిడి వెనక్కు తిరగడం మొదలవుతుంది. ఇంట్లో విప్పమంటున్నానంటే కనపడినదల్లా విప్పమని కాదు. సమాసాన్ని విడదీయాలి గాని పదాన్ని అక్షరాలుగా చిదమకూడదు కదా, అలాగే.

చక్రం కింద కాగితంకంటే పలచని వాషరు ఒకటి ఉంటుంది. అది గ్రీజుకు అంటుకుని వచ్చి తుడుపుగుడ్డలో పోతుంది. పోయినా రీలు తిరుగుతుంది, కాని ఇంతకుముందులా తిరగదు, పళ్లు ఒరుసుకుంటాయి. అప్పుడు "చూశావా, ఇంట్లో విప్పితే ఇంతే" అంటారు. గుడ్డ దులపమని అనరు.

అన్నిటికంటె అన్యాయం జరిగేది తీగ కొసన ఉండే చిన్న చక్రానికి. దారం తిరిగి వచ్చేటప్పుడు దాని మీదుగానే మలుపు తిరుగుతుంది. వేలిగోరంత వస్తువు, ఎవరూ దాని ముఖం చూడరు. ఉప్పు పట్టి అది తిరగడం మానేస్తే దారం దాని మీద రాసుకుంటూ పోతుంది, అరుగుతుంది, ఒకనాడు పెద్దచేప పడ్డప్పుడు తెగుతుంది. తెగితే దారం కంపెనీని తిడతాం. మావాడి రీలులో ఆ చక్రం రాయిలా బిగుసుకుపోయి ఉంది. విప్పి, తుడిచి, ఒక్క చుక్క నూనె వేసి వేలితో తడితే గిర్రున తిరిగింది. అతను దానిని అలా నాలుగైదుసార్లు తిప్పి చూసుకున్నాడు. తరవాత, "అయితే మాస్టారూ, ఆ మొదటిది కూడా..." అని ఆగిపోయాడు. నేను జవాబు చెప్పలేదు. మొత్తం ఖర్చు గ్రీజుకూ నూనెకూ కలిపి వందరూపాయలు దాటలేదు. అందులో ముప్పాతికమువ్వీసం డబ్బాలో మిగిలే ఉంది.

ఇప్పుడు మిత్రుని వాదాలకు వస్తాను. విప్పితే గ్యారంటీ పోతుందన్నారు. పోనివ్వండి. ఉప్పు పట్టినందుకూ సంరక్షణ లేనందుకూ గ్యారంటీ వర్తించదని ఆ కార్డు మీదే చిన్న అక్షరాలలో రాసి ఉండడం నేను చూశాను. లేనిది పోయేదేమిటి?

చవక వస్తువు, పాడైతే కొత్తది కొనుక్కోవడమే లాభం అన్నారు. ఇది వినడానికి లెక్కలా ఉంటుంది గాని లెక్క కాదు. ఎవరికి చవక? పింఛను వచ్చే మా ఇద్దరికీ రెండువేలు చవకే. ఆటో నడిపేవాడికి అది ఎన్ని రోజుల సంపాదన, అందులో గ్యాసు ఎంత, వాయిదా ఎంత? చవక అన్న విశేషణానికి విశేష్యం వస్తువు కాదు, మనిషి. పైగా, కొత్తది కొన్నవాడు పాతదాని జబ్బును కూడా వెంట తెచ్చుకుంటున్నాడు. కడగడం తెలియక మొదటిది పాడైతే, అదే తెలియనితనంతో రెండోది పాడవుతుంది. మావాడి విషయంలో జరిగింది సరిగ్గా అదే.

కడగడం అన్నాను కనుక అదీ చెప్పేస్తాను. ఒడ్డునుంచి రాగానే రీలును బకెట్టులో ముంచేవాళ్లున్నారు, పంపు కింద జోరుగా పట్టేవాళ్లున్నారు. రెండూ ఉప్పును లోపలికి తోసే పద్ధతులే. డ్రాగ్ మీట బిగించి, మంచినీళ్లు పైపైన చిలకరించి, దులిపి, గుడ్డతో తుడిచి, ఆ తరవాత మీట వదులుచేసి ఆరబెట్టాలి. బిగించి వదిలేస్తే లోపలి బిళ్లలు నలిగి పట్టు చెడుతుంది. అయిదు నిమిషాల పని.

విప్పనివారిలో ఇంకొక శాఖ ఉంది. వీరు వైద్యం మానరు, పైనుంచి చేస్తారు. రీలు గరగరమంటే సందుల్లోంచి డబ్ల్యూడీ-40 కొడతారు. పాపం ఆ ద్రవం 1953లో పుట్టింది నీటిని తరిమికొట్టడానికి. పేరులోని రెండక్షరాల అర్థమూ అదే. తన పని అది చక్కగా చేస్తుంది. మనం దానిని గ్రీజు అనుకుంటే తప్పు దానిది కాదు. అది లోపలి గ్రీజును కరిగించి తోసేస్తుంది, రెండు రోజులు హాయిగా తిరుగుతుంది, మూడోవారంలో పళ్లు పొడిగా ఒరుసుకుంటాయి. ఇంకొందరు కొబ్బరినూనె పోస్తారు. కొబ్బరినూనె ఇరవైనాలుగు డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. మార్గశిరమాసపు తెల్లవారుజామున మన ఇంట్లో సీసా ఏ స్థితిలో ఉంటుందో, బేరింగు లోపల కూడా అదే స్థితి. తలకు రాసుకునేది తలకే రాసుకోవాలి.

రిపేరు హక్కు గురించి ఈమధ్య పెద్దమాటలు వింటున్నాం. 2022 జూలైలో కేంద్రంలోని వినియోగదారుల వ్యవహారాల శాఖ దీని మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పనిముట్లు, మొబైలు ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు చెప్పింది. ఆ డిసెంబరులో ఒక పోర్టలు కూడా తెరిచారు. మంచిదే. అందులో రీళ్లు లేవు, ఉండాలని నేను మహజరు పంపబోవడమూ లేదు. ఫోను లోపల జిగురుతో అతికించి పెట్టినదానిని తెరవడానికి చట్టం సాయం కావాలేమో గాని, నాలుగు మరలు విప్పితే తెరుచుకునే మూతకు ఏ ప్రభుత్వ ఉత్తర్వు కావాలి? ఇక్కడ అడ్డుపడుతున్నది కంపెనీ తాళం కాదు. చేతనైన పనిని కూడా నిపుణుడి పని అనుకునే మన భయం. ఆ భయాన్ని దుకాణంవాడు అమ్ముకుంటున్నాడు. చదువుకున్నవాళ్లం మనం దానికి జ్ఞానమని పేరు పెట్టి ఊరేగిస్తున్నాం. ఇంతకీ ఆ నిపుణుడు ఎక్కడ ఉన్నాడు? రీళ్లు బాగుచేస్తామన్న బోర్డు మా చుట్టుపక్కల ఎక్కడైనా ఉన్నదా అని మిత్రుణ్ణి అడిగాను. ఆలోచించి, విశాఖలో ఎవరో ఉన్నారన్నారు. ఎవరో తెలియదన్నారు. లేని వైద్యుడి కోసం రోగిని అటకమీద పెట్టడం ఏ శాస్త్రమో నాకు బోధపడలేదు.

మావాడి రీలు ఇప్పటికి ఏడాదిన్నర దాటి పనిచేస్తున్నది. ఈమధ్య తన పక్కన గాలం వేసే ఇద్దరివి కూడా ఆటో వెనకసీటు మీద తువ్వాలు పరిచి విప్పాడట. ఒకదానిలో వాషరు మిగిలిపోయింది, ఎక్కడ పెట్టాలో తెలియక నాకు ఫోను చేశాడు. ఫొటోలు తీశావా అంటే రెండే తీశానన్నాడు. తిట్టాను.

ఇక మా ఇంజనీరుగారి సొంత రీలు రెండు నెలలుగా గరగరమంటున్నదని నిన్ననే వారి శ్రీమతి ద్వారా తెలిసింది. ఆయన నాతో చెప్పలేదు. ఈ ఆదివారం తెల్లదుప్పటి చంకన పెట్టుకుని వాళ్లింటికి వెళ్తున్నాను. కాఫీ ఆయనది, కిరసనాయిలు నాది.